తిరుచానూరు: కొండ కింద అమ్మవారి ఊరు

తిరుపతికి ఆగ్నేయంగా దాదాపు 5 కిలోమీటర్ల దూరంలో, స్వర్ణముఖి నదికి ఉత్తరపు ఒడ్డున ఉన్న ఊరు తిరుచానూరు. శ్రీ పద్మావతీ అమ్మవారి ఆలయం వల్ల దీనికి అలమేలుమంగాపురం అనే పేరు కూడా ఉంది. తిరుమల యాత్ర అమ్మవారి దర్శనంతోనే నిండుతుందని తెలుగువారి నమ్మకం. అమ్మను చూసి కొండెక్కేవారు కొందరైతే, కొండ దిగి అమ్మ దగ్గరికి వచ్చేవారు కొందరు. ఈ ఊరి చరిత్రను చెప్పే ఆధారాలు మూడు రకాలు: పురాణాల నుంచి వచ్చిన గాథలు, రాళ్లమీద చెక్కిన శాసనాలు, ఏటా జరిగే ఉత్సవాలు. గాథల్లో మొదటి నుంచీ ఇది అమ్మవారి ఊరే. శాసనాల్లో మాత్రం మొదట కనిపించేది కొండమీది గుడికి అండగా నిలిచిన ఒక గ్రామం.

పద్మసరోవర గాథ

తిరుచానూరుకు సంబంధించి రెండు గాథలు ప్రచారంలో ఉన్నాయి. రెండూ భృగు మహర్షి కథతోనే మొదలవుతాయి. త్రిమూర్తుల్లో ఎవరు గొప్పో తేల్చడానికి బయలుదేరిన భృగువు వైకుంఠంలో విష్ణువును వక్షస్థలంమీద తంతాడు. విష్ణువు కోపగించుకోకపోగా ముని పాదాలు ఒత్తుతాడు. తన నివాసమైన వక్షస్థలానికి అవమానం జరిగినా భర్త ఊరుకున్నాడని లక్ష్మి అలిగి వెళ్లిపోతుంది. ఇక్కడి నుంచి కథ రెండు దారులు పడుతుంది.

పద్మపురాణంలోనిదిగా చెప్పే కథలో లక్ష్మి పాతాళానికి వెళ్లి కపిల మహర్షి ఆశ్రమంలో ఉంటుంది. ఆమెను వెతుక్కుంటూ విష్ణువు కొల్హాపురం చేరితే అక్కడ విగ్రహం మాత్రమే కనిపిస్తుంది. స్వర్ణముఖి ఒడ్డుకు వెళ్లి తపస్సు చేయమని ఆకాశవాణి పలుకుతుంది. స్వామి అక్కడికి వచ్చి ఒక సరస్సు తవ్వి, దేవలోకం నుంచి వాయువు చేత తామరలు తెప్పించి నాటుతాడు. అవి వాడకుండా ఎప్పుడూ వికసించి ఉండేందుకు సరస్సు గట్టున సూర్యుణ్ని ప్రతిష్ఠిస్తాడు. పన్నెండేళ్ల తపస్సు తర్వాత కార్తిక శుద్ధ పంచమి, ఉత్తరాషాఢ నక్షత్రం, శుక్రవారం కలిసిన రోజున ఆ సరస్సులో వేయి రేకుల బంగారు తామర విచ్చుకుని, అందులో లక్ష్మి పద్మావతిగా ప్రత్యక్షమవుతుంది.

ఈ కథకు ఊళ్లో కంటికి కనిపించే గుర్తులు రెండున్నాయి. ఒకటి ఆలయం పక్కనున్న పద్మసరోవరం. రెండోది ఆ పుష్కరిణి తూర్పు గట్టున ఉన్న సూర్యనారాయణస్వామి గుడి. వైష్ణవ క్షేత్రంలో సూర్యుడికి ప్రత్యేకంగా ఆలయం ఉండటం అరుదు. ఇక్కడ ఎందుకుందో చెప్పేది తామరల కథే.

పద్మావతీ పరిణయం

రెండో గాథ వరాహ, భవిష్యోత్తర పురాణాలలోనిదిగా చెప్పే శ్రీనివాస కల్యాణం. ఇందులో లక్ష్మి కొల్హాపురానికి వెళ్లిపోగా విష్ణువు వేంకటాచలం చేరి పుట్టలో దాగుతాడు. తర్వాత వకుళమాలిక ఆయనకు తల్లిలా ఆసరా ఇస్తుంది. మరోవైపు నారాయణవనం రాజధానిగా ఏలుతున్న ఆకాశరాజు యాగం కోసం నేల దున్నుతుంటే తామరలో పసిపాప దొరుకుతుంది. ఆమే పద్మావతి. వేటకు వెళ్లిన శ్రీనివాసుడు ఉద్యానవనంలో ఆమెను చూసి మనసు పడతాడు. వకుళమాలిక సంబంధం మాట్లాడటానికి వెళుతుంది. శ్రీనివాసుడు తానే ఎరుకలసాని వేషంలో అంతఃపురానికి వెళ్లి పద్మావతికి సోదె చెప్తాడు. పెళ్లి ఖర్చుకు కుబేరుడి దగ్గర అప్పు చేసి, బ్రహ్మను, శివుణ్ని, అశ్వత్థ వృక్షాన్ని సాక్షులుగా పెట్టి పత్రం రాసిస్తాడు. కలియుగం ముగిసేదాకా వడ్డీ కడుతూ ఉండాలన్నది ఒప్పందం. భక్తులు హుండీలో వేసే కానుకలు ఆ వడ్డీకే జమ పడతాయని జనం చెప్పుకుంటారు.

ఒకే స్వామికి ఇద్దరు దేవేరులు ఎందుకన్న ప్రశ్నకు వేదవతి వృత్తాంతం జవాబు చెబుతుంది. రామాయణ కాలంలో సీతకు బదులు రావణుడి చెర అనుభవించిన వేదవతిని కలియుగంలో పెళ్లాడతానని రాముడు మాట ఇచ్చాడట. ఆ వేదవతే పద్మావతి. పెళ్లికి లక్ష్మి రాక తప్పదు కాబట్టి, శ్రీనివాసుడికి ఒంట్లో బాగోలేదని చెప్పి ఆమెను వెంటబెట్టుకురమ్మని సూర్యుణ్ని కొల్హాపురానికి పంపుతారు. సరోవర గాథలో తామరను విచ్చుకునేట్టు చేసిన సూర్యుడే ఇక్కడ లక్ష్మిని పెళ్లికి తీసుకొస్తాడు.

రెండు కథలకూ పొంతన తక్కువే. ఒకదానిలో పద్మావతి లక్ష్మే. రెండోదానిలో లక్ష్మి వేరు, పద్మావతి వేరు. ఒకదానిలో ఆమె సరోవరంలో పుడితే, మరోదానిలో నాగేటి చాలులో దొరుకుతుంది. అయినా భక్తులకు ఇది చిక్కుగా తోచలేదు. తిరుచానూరు ఉత్సవాలకు సరోవర గాథ ఆధారమైతే, చుట్టుపక్కల ఊళ్లను కలుపుతూ సాగే యాత్రకు పరిణయ గాథ ఆధారమైంది.

గాథ నడిచిన ఊళ్లు

పరిణయ గాథలోని ఘట్టాలకు తిరుపతి చుట్టూ ఒక్కో చోటు ఉంది. నారాయణవనంలో పెళ్లి జరిగిందంటారు. అక్కడి కల్యాణ వేంకటేశ్వరస్వామి ఆలయంలో ఒక తిరగలి ఉంది. పెళ్లి పనులకు వాడింది దాన్నేనని చెప్తారు. 13వ శతాబ్దంలో ఈ ప్రాంతాన్ని ఏలిన యాదవరాజులకూ, తర్వాత కార్వేటినగరం ప్రభువులకూ ఈ ఊరితో సంబంధం ఉండేది. 1967లో ఈ ఆలయం తిరుమల తిరుపతి దేవస్థానాల నిర్వహణలోకి వచ్చింది.

కొత్త దంపతులు ఆరు నెలలపాటు కొండ ఎక్కకూడదన్న నియమం వల్ల స్వామి, అమ్మవారు అగస్త్య మహర్షి దగ్గర ఆగిన చోటు శ్రీనివాసమంగాపురం. తిరుపతికి పడమర దిక్కున దాదాపు 12 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఇక్కడి ఆలయాన్ని 1540 ప్రాంతంలో అన్నమాచార్యుల మనుమడు తాళ్లపాక చినతిరుమలాచార్యులు పునరుద్ధరించాడు. తిరుపతి ఊళ్లో గోవిందరాజస్వామి తలకింద కుంచం పెట్టుకుని పడుకున్నాడని చెప్తారు. తమ్ముడైన శ్రీనివాసుడి అప్పు తీర్చడానికి వచ్చిన డబ్బును కుంచంతో కొలిచి కొలిచి అలసి నడుం వాల్చాడని కథ.

కొండ పాదాన ఉన్న అలిపిరిలో ఈ గాథకు పామర జనం చేర్చిన కొనసాగింపు వినిపిస్తుంది. స్వామి రోజూ రాత్రి కొండ దిగి అలమేలుమంగ దగ్గరికి నడిచి వెళ్లి, తెల్లవారేసరికి తిరిగి గుడికి చేరతాడట. అంత దూరం నడిస్తే చెప్పులు అరగకుండా ఎలా ఉంటాయి? అందుకే తోలుపని చేసే భక్తులు పెద్ద పెద్ద చెప్పులు కుట్టి మొక్కుబడిగా తెచ్చి ఇచ్చేవారు. పాత చెప్పుల అడుగులు అరిగి కనిపించడమే స్వామి నడిచాడనడానికి రుజువు అనేవారు. అలిపిరి పాదాల మండపంలో ఇప్పటికీ భక్తులు పాదుకలను తలమీద పెట్టుకుని ప్రదక్షిణ చేసి మెట్లెక్కుతారు. పురాణాల్లో లేని ఈ కథ స్వామిని కొండమీదా అమ్మవారిని కిందా ఉంచుతూనే ఇద్దరినీ రోజూ కలుపుతుంది.

శాసనాలు చెప్పే తిరుచానూరు

గాథలు వదిలి శాసనాలు చూస్తే ఊరి రూపం మారిపోతుంది. పల్లవ, చోళ కాలపు తమిళ శాసనాల్లో దీని పేరు తిరుచ్చుకనూరు. శుక మహర్షి ఆశ్రమం ఇక్కడ ఉండేదన్న నమ్మకంతో శ్రీశుకపురం అని కూడా అన్నారు. అప్పటి పాలనా విభాగాల ప్రకారం ఇది తిరువేంగడకోట్టంలోని కుడవూరునాడుకు చెందిన గ్రామం. బ్రాహ్మణుల సభ ఒకటి ఊరి వ్యవహారాలు నడిపేది.

ఇక్కడి తొలి శాసనాలు పల్లవరాజు దంతివర్మ కాలానివి, అంటే 9వ శతాబ్దానివి. వాటిలో కనిపించే దైవం తిరువిళంకోయిల్ పెరుమాళ్. మూలాలయంలో పూజకు వీలులేనప్పుడు లేదా దానికి బదులుగా వేరేచోట ఏర్పాటు చేసుకునే చిన్న గుడిని ఇళంకోయిల్ అంటారు. సంస్కృతంలో దాన్నే బాలాలయం అంటారు. అడవి దారిలో ఏడు కొండలెక్కి తిరుమల చేరడం ఆ రోజుల్లో మామూలు మాట కాదు. కొండమీద ఊరు లేదు, నిత్యం పూజారులు, పరిచారకులు ఉండే వసతీ లేదు. అందుకే కొండమీది స్వామికి ప్రతినిధిగా కింద తిరుచానూరులో గుడి వెలిసిందని చరిత్రకారుల అభిప్రాయం. బ్రహ్మోత్సవాల ఊరేగింపులు మొదట్లో తిరుచానూరులోనే జరిగేవన్న సంప్రదాయ కథనానికీ ఇదే నేపథ్యం. గుడి చుట్టూ మాడవీధులు లేని చోట వాహనసేవలు జరిపే వీలు ఉండదు.

తిరుచానూరు సభ పాత్ర తిరుమల శాసనాల్లోనూ కనిపిస్తుంది. వీటిలో అన్నిటికన్నా పేరున్నది సామవై శాసనం. కాడవన్ పెరుందేవి అని కూడా పిలిచే ఈ పల్లవ వంశపు రాణి తిరుమలలో వెండి విగ్రహాన్ని ప్రతిష్ఠించింది. దాన్నే ఇప్పుడు భోగ శ్రీనివాసమూర్తి అంటున్నారు. ఈ ప్రతిష్ఠ 966లో జరిగిందన్నది ఎక్కువమంది ఒప్పుకునే లెక్క. పూజలకూ ఉత్సవాలకూ ఆమె ఇచ్చిన భూముల వ్యవహారంలో తిరుచానూరు సభవారి ప్రస్తావన ఉంది. అంటే కొండమీది పూజకు కావలసిన భూమీ, దాన్ని సాగుచేసే ఏర్పాటూ, లెక్క చూసే పెద్దలూ కిందే ఉన్నారు.

కొండమీది దీపం కింది ఊళ్లమీద ఎలా ఆధారపడి ఉండేదో రాజేంద్ర చోళుడి కాలపు శాసనం ఒకటి విడమరచి చెబుతుంది. తిరుముండియం అనే దేవదాన గ్రామపు (గుడికి దానంగా ఇచ్చిన ఊరి) సభ తిరుమలలో 24 దీపాలు వెలిగించడానికి బంగారం పుచ్చుకుంది. వాటిలో ఒకటి కర్పూర దీపం. కానీ రోజూ వెలిగేవి రెండే. రాజు తరఫు అధికారి విచారణ జరిపి తప్పు పట్టుకున్నాడు. ఆ బంగారాన్ని ఆలయ భాండారానికి కట్టించి, దీపాల బాధ్యతను ఆలయ ఉద్యోగులకే అప్పగించాడు. కొండమీది గుడి వ్యవహారాలు గ్రామ సభల చేతుల్లోంచి ఆలయపు సొంత యంత్రాంగం చేతుల్లోకి జరగడానికి ఇలాంటి విచారణలు దారి తీశాయి.

తిరుచానూరును ఆనుకుని ఉన్న యోగిమల్లవరంలో పరాశరేశ్వరస్వామి ఆలయం ఉంది. చోళుల కాలం నుంచీ దానికి శాసనాలున్నాయి. పరాశర మహర్షి ప్రతిష్ఠించిన లింగమని స్థలపురాణం. శైవ, వైష్ణవ ఆలయాలు పక్కపక్కనే ఒకే ఊరి ఆసరాతో నడిచాయని దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇళంకోయిల్ నుంచి అమ్మవారి ఆలయానికి

12వ శతాబ్దం నాటికి పరిస్థితి మారింది. రామానుజాచార్యుల కాలంలో, సంప్రదాయం చెప్పే లెక్క ప్రకారం 1130లో, కొండ పాదాన గోవిందరాజస్వామి ప్రతిష్ఠ జరిగి ఆ గుడి చుట్టూ తిరుపతి పట్నం పెరిగింది. కొండమీది గుడికి కింద కావలసిన ఊరు ఇప్పుడు మరింత దగ్గరలో దొరికింది. తిరుచానూరు ఇళంకోయిల్ అవసరం తగ్గిపోయింది.

ఆ తర్వాత తిరుచానూరులో ఇతర దేవతల గుళ్లు శాసనాలకెక్కాయి. శ్రీకృష్ణస్వామి ఆలయ ప్రస్తావన 1221లో మొదటిసారి కనిపిస్తుంది. బలరామకృష్ణులు కొలువైన ఆ ఆలయం ఇప్పుడు అమ్మవారి ఆలయ ప్రాంగణంలో ఉంది. అదే ప్రాంగణంలోని సుందరరాజస్వామి ఆలయం 16వ శతాబ్దం నాటిది. తొలి శాసనాల్లో ఎక్కువగా ప్రస్తావనకు వచ్చేవి పెరుమాళ్ల గుళ్లే. అమ్మవారి ఆలయం ఈ క్షేత్రానికి కేంద్రంగా నిలిచింది తర్వాతి కాలంలో. ఇప్పుడు ముఖ్య సన్నిధి పద్మావతిది, కృష్ణుడూ సుందరరాజస్వామీ ఆమె ప్రాంగణంలోని దేవతలు.

గర్భాలయంలో అమ్మవారు తూర్పు ముఖంగా పద్మాసనంలో కూర్చుని ఉంటుంది. పై రెండు చేతుల్లో తామరలు, కింది రెండు చేతుల్లో అభయ, వరద ముద్రలు. తిరుమలలో వైఖానస ఆగమం ప్రకారం పూజలు జరిగితే ఇక్కడ పాంచరాత్ర ఆగమం ప్రకారం జరుగుతాయి.

గ్రంథాలు, కీర్తనలు, సినిమా

గాథలకు గ్రంథ రూపం రావడానికి విజయనగర కాలం ముఖ్యమైనది. వేర్వేరు పురాణాల్లోనివని చెప్పే వేంకటాచల మాహాత్మ్య ఘట్టాలు ఒకచోట చేరాయి. తిరువేంగడ మాహాత్మ్యాన్ని తిరుమల ఆలయంలో పఠించే ఏర్పాటు 1491 నాటి శాసనంలో ఉంది. అప్పటి నుంచి ఈ కథలు ఆలయ సంప్రదాయంలో భాగమయ్యాయి.

అదే కాలంలో తాళ్లపాక అన్నమాచార్యులు అలమేలుమంగను తెలుగు పాటలోకి తెచ్చాడు. 1408 నుంచి 1503 వరకు జీవించిన ఆయన శృంగార సంకీర్తనల్లో నాయిక ఆమే. ఆమె అలక, విరహం, సిగ్గు, గడసరితనం అన్నీ తెలుగింటి ఆడపిల్లవే. ఆళ్వారుల తమిళ పాశురాల్లో స్వామి వక్షస్థలంలో ఉండే అలర్‌మేల్‌మంగై అన్నమయ్య చేతిలో మాటకారి ఇల్లాలయింది. ఆ కీర్తనలను చెక్కించిన రాగిరేకులు తిరుమల ఆలయంలోనే చాలాకాలం మరుగున పడి ఉండి 20వ శతాబ్దంలో మళ్లీ వెలుగు చూశాయి.

తరిగొండ వెంగమాంబ (1730–1817) తెలుగులో రాసిన వేంకటాచల మాహాత్మ్యంతో పరిణయ గాథ మరింతమందికి చేరువైంది. ఉమ్మడి చిత్తూరు జిల్లాలోని తరిగొండలో పుట్టిన ఆమె తిరుమలలో స్థిరపడి చివరిదాకా అక్కడే గడిపింది. 20వ శతాబ్దంలో ఆ పని సినిమా చేసింది. పి. పుల్లయ్య తీసిన ‘శ్రీ వేంకటేశ్వర మహాత్మ్యం’ 1960లో విడుదలైంది. శ్రీనివాసుడిగా ఎన్.టి. రామారావు, పద్మావతిగా సావిత్రి నటించారు. భృగువు తన్నడం, లక్ష్మి అలక, ఎరుకలసాని సోదె, కుబేరుడి అప్పు పుస్తకం పట్టనివారికి కూడా కంఠతా వచ్చాయి. సరోవర గాథకు ఇంత ప్రచారం రాలేదు. దాన్ని ముఖ్యంగా నిలబెట్టింది ఊళ్లో జరిగే ఉత్సవమే.

పాలన

విజయనగర రాజుల కాలంలో తిరుమల, తిరుపతి, తిరుచానూరు ఆలయాలకు ఊళ్లు, పొలాలు, నగదు విరివిగా వచ్చాయి. దాతలు ఇచ్చిన డబ్బుతో దేవుడి ఊళ్లలో చెరువులు, కాలువలు తవ్వించి, పెరిగిన పంట నుంచి నైవేద్యాలు జరిపించే పద్ధతి అప్పుడు బాగా సాగింది. ఆర్కాటు నవాబు ఏలుబడి తర్వాత 1801లో ఈ ప్రాంతం ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చింది. 1843లో కంపెనీ ఆలయ వ్యవహారాల నుంచి తప్పుకుని హథీరాంజీ మఠం మహంతులకు అప్పగించింది. దాదాపు 90 ఏళ్ల తర్వాత, మద్రాసు శాసనసభ చేసిన చట్టం ప్రకారం 1933లో తిరుమల తిరుపతి దేవస్థానాల కమిటీ ఏర్పడింది. అమ్మవారి ఆలయం కూడా తిరుమల ఆలయంతోపాటే ఈ మార్పులన్నీ చూసింది. 2022 ఏప్రిల్‌లో చిత్తూరు జిల్లాను విభజించినప్పుడు తిరుచానూరు కొత్త తిరుపతి జిల్లాలో చేరింది.

కార్తిక బ్రహ్మోత్సవాలు

తిరుచానూరులో ఏడాది మొత్తంలో పెద్ద పండుగ కార్తిక బ్రహ్మోత్సవాలు. తొమ్మిది రోజులు జరిగే ఈ ఉత్సవాలు పంచమితో ముగుస్తాయి. మొదలయ్యే ముందురోజు లక్ష కుంకుమార్చన చేస్తారు. మొదటిరోజు ధ్వజారోహణంలో ఎగరేసే జెండామీద ఏనుగు బొమ్మ ఉంటుంది. తిరుమలలో గరుడ ధ్వజం, ఇక్కడ గజ ధ్వజం. లక్ష్మికీ ఏనుగుకూ ఉన్న సంబంధం వాహనసేవల్లోనూ కనిపిస్తుంది. శేష, హంస, సింహ, కల్పవృక్ష, హనుమంత, గరుడ వాహనాలన్నీ ఉన్నా జనం ఎదురుచూసేది ఐదోరోజు రాత్రి గజవాహనం కోసమే. ఆ సేవలో అమ్మవారికి అలంకరించడానికి తిరుమల నుంచి స్వామివారి లక్ష్మీకాసులహారాన్ని తీసుకొస్తారు.

చివరిరోజు పంచమీతీర్థం. అమ్మవారు సరోవరంలో అవతరించిన రోజు కాబట్టి స్వామి తరఫున పుట్టినరోజు సారె పంపే ఆచారం ఉంది. పట్టుచీర, పసుపు, కుంకుమ, చందనం, పూలమాలలు, ఆభరణం, పడి ప్రసాదాలు తిరుమల ఆలయం నుంచి మేళతాళాలతో బయలుదేరతాయి. నడక దారిలో అలిపిరి చేరాక సారెను ఏనుగుమీదికి ఎక్కిస్తారు. అక్కడి నుంచి కోమలమ్మ సత్రం, కోదండరామాలయం, గోవిందరాజస్వామి ఆలయం మీదుగా ఊరేగింపు సాగుతుంది. తిరుచానూరు పసుపు మండపం దగ్గర ఆలయ అధికారులు, అర్చకులు ఎదురెళ్లి మర్యాదలతో అందుకుంటారు. ఈ దారిలోని గుళ్లన్నీ ఏదో రకంగా కొండమీది స్వామితో ముడిపడినవే.

అమ్మవారి ఉత్సవమూర్తికి, సుదర్శన చక్రానికి ప్రతిరూపమైన చక్రత్తాళ్వారుకు పుష్కరిణి దగ్గర పాలు, పెరుగు, తేనె, పసుపు, చందనాలతో స్నపన తిరుమంజనం అనే అభిషేకం జరుగుతుంది. తర్వాత మంచి ముహూర్తంలో అర్చకులు చక్రత్తాళ్వారును నీటిలో ముంచుతారు. సరిగ్గా ఆ క్షణంలోనే పుష్కరిణి మెట్లమీద నిలిచిన జనమంతా ఒక్కసారిగా మునుగుతారు. ఆ ఒక్క క్షణం కోసం ముందురోజు రాత్రే వచ్చి కాచుకుని కూర్చునేవారుంటారు. తీర్థం మహిమ ఆ రోజంతా ఉంటుందని ఆలయ అధికారులు ఏటా చెబుతూనే ఉంటారు. అయినా చక్రస్నానం వేళకు పుష్కరిణి కిక్కిరిసిపోతుంది.

ఏడాది పొడవునా మరికొన్ని ఉత్సవాలున్నాయి. వైశాఖంలో వసంతోత్సవాలు, జ్యేష్ఠ శుద్ధ ఏకాదశి నుంచి పౌర్ణమి వరకు ఐదురోజుల తెప్పోత్సవం, శ్రావణంలో వరలక్ష్మీ వ్రతం, భాద్రపదంలో పవిత్రోత్సవాలు జరుగుతాయి. ప్రతి శుక్రవారం అమ్మవారికి అభిషేకం చేస్తారు. పరిణయ గాథకు సంబంధించిన పద్మావతీ పరిణయోత్సవాలు మాత్రం వైశాఖ మాసంలో తిరుమల నారాయణగిరి ఉద్యానవనంలో మూడురోజులు జరుగుతాయి. పెళ్లి వేడుక కొండమీద, పుట్టినరోజు వేడుక కొండ కింద జరగడంతో రెండు గాథలకూ పంచాంగంలో వేర్వేరు చోట్లు కుదిరాయి.

శాసనాల కాలంలో కొండమీది పూజకు కావలసిన భూమి, నూనె, బంగారం కింది గ్రామ సభల ద్వారా పైకి వెళ్లేవి. ఇప్పుడు కార్తికంలో సారె పైనుంచి కిందికి వస్తుంది. ఇచ్చిపుచ్చుకునే దిశ మారింది కానీ, కొండకూ తిరుచానూరుకూ మధ్య వెయ్యేళ్లకు పైగా ఉన్న సంబంధం తెగలేదు.